ఎర్ర రంగు పడ్డ జమ్మి

కంపచెట్టును కళ్ళు మూసుకుని గుర్తుపడతానని ఒకప్పుడు అందరితో చెప్పుకు తిరిగేవాణ్ణి. అందులో కొంత నిజం లేకపోలేదు. మాది రాయచోటి వైపు పల్లె. మా నాయన కంప కొట్టి బొగ్గు కాల్చేవాడు. మిగతాచోట్ల సర్కారు తుమ్మ అంటారే, అదే మాకు కంప. చిన్నప్పుడు నా అరికాళ్ళలో దిగిన ముళ్ళలో సగం దానివే. అలాంటి నేను, ఏది కంపో ఏది కాదో తేల్చిచెప్పే ఉద్యోగంలో ఉండి, కంప కాని మొక్కలకు నా చేత్తోనే చావు రాశాను. మొక్కల సర్వే పనుల్లో కొత్తగా చేరిన పిల్లలు ఈ మధ్య నా దగ్గరికి వచ్చి, మీ సర్వీసులో గొప్ప సంగతి ఏదైనా చెప్పండి అంటుంటారు. గొప్ప సంగతులు చెప్పేవాళ్ళు మీకు చాలామంది దొరుకుతారు. నా దగ్గర ఉన్నది ఇదే.

దుబాయ్‌లో పనిచేశానని అంటానుగానీ నేనుండింది అజ్మాన్‌లో. మా వైపు నుంచి గల్ఫ్‌కు ఎక్కడికి పోయినా దుబాయ్‌కి పోయినట్టే లెక్క. అక్కడ ఒక నర్సరీలో ఎనిమిదేళ్ళు, రోడ్ల పక్కన నాటే పూలమొక్కలకు నీళ్ళు పట్టాను. 2003లో ఒకరోజు సూడాన్ దేశపు పెద్దాయన ఒకాయన వచ్చి, మా కుండీల్లో మొలిచిన పిచ్చిమొక్కలు చూపించమన్నాడు. పూలమొక్కలు కాదు, పిచ్చిమొక్కలు. మావాళ్ళందరూ నవ్వారు. నేను మాత్రం ఈ గడ్డి కొండమట్టితో వచ్చింది, ఈ తీగ ఎరువుతో వచ్చింది, ఇది మాత్రం ఇక్కడిదే, ఇసుకలో తనంతట మొలుస్తుంది అని ఒక్కొక్కటే చూపించాను. ఆయన నెలరోజుల్లో నా కఫీల్‌తో, అంటే నా వీసా యజమానితో మాట్లాడి, నన్ను తన సర్వేలో ఫీల్డ్ అసిస్టెంట్‌గా తీసుకున్నాడు. ఆయన వృక్షశాస్త్రంలో డాక్టరేట్. అందరూ దక్తూర్ అని పిలిచేవాళ్ళు, నేనూ అలాగే పిలిచాను.

అరవై దాటిన మనిషి, పొడుగు, మాట నిదానం. ఆయనకొక నియమం ఉండేది. ఏ మొక్క దగ్గరికి వెళ్ళినా ముందు నేల మీద చతికిలబడి కూర్చునేవాడు. ఒక రెమ్మ తుంచి, వేళ్ళ మధ్య తిప్పి చూసి, అప్పుడు పేరు చెప్పేవాడు. నేను నిలబడి దూరం నుంచే పేరు చెప్పబోతే, తనకొచ్చిన కొంచెం హిందీలో "పహలే బైఠో" అనేవాడు. ముందు కూర్చో. నాకు లోపల నవ్వొచ్చేది. ఇంత చదివిన మనిషికి కంపను చూడటానికి కూర్చోవాలా అని.

మా సర్వే జరిగే నేల మీరనుకునే ఇసుక దిబ్బల ఎడారి కాదు. దిబ్బలు ఆగిపోయిన చోటికీ కొండలు మొదలయ్యే చోటికీ మధ్య చదునైన గులకరాళ్ళ మైదానం ఒకటుంది. చలికాలంలో నాలుగు చినుకులు పడితే చాలు, అక్కడ గడ్డి లేస్తుంది. ఒంటెలు దాని మీదే బతుకుతాయి. వంద మీటర్ల టేపు పరిచి, పది పది మీటర్లకు ఒకచోట ఇనుప చట్రం నేల మీద పెట్టి, ఆ చట్రంలో ఏయే మొక్కలున్నాయో, అందులో ఇక్కడివెన్ని, బయటినుంచి వచ్చినవెన్ని అని లెక్క రాయాలి. అదే మా పని. వినడానికి తేలిక. మోకాళ్ళనడిగితే తెలుస్తుంది.

బయటినుంచి వచ్చినవాటిలో పెద్ద దొంగ మా కంపే. ఎప్పుడో ఇసుకను ఆపడానికని తెచ్చి నాటారట. ఒంటెలు దాని కాయలు తిని, పేడతో పాటు గింజల్ని మైదానమంతా వేశాయి. అది మొలిచినచోట గడ్డి పోయేది. ఆ నేల సొంత చెట్టు వేరే ఉంది, దాన్ని అక్కడివాళ్ళు గాఫ్ అంటారు. నీడనిచ్చే పెద్ద చెట్టు. మైదానంలో ముసలి గాఫ్‌లు అక్కడొకటి ఇక్కడొకటి ఉండేవి. ఎంత వెతికినా వాటి పిల్లలు మాత్రం కనిపించేవి కావు. దక్తూర్‌కు అదే దిగులు. "తాతలున్నారు, మనవలు లేరు. ఈ తాతలు పోతే ఖలాస్" అనేవాడు. మా లెక్కల కాగితంలో చిన్న గాఫ్‌లకు ఒక గడి ఉండేది. ప్రతి కాగితం మీదా ఆ గడిలో సున్నా చుట్టేది నేనే. రెండేళ్ళు చుట్టాను.

2005లో మైదానం పడమటి వైపు ముక్కలో కంపను వేళ్ళతో పెకలించడానికి అనుమతి వచ్చింది. పెకలించే ముఠా వచ్చేలోపు, తీసేయాల్సిన ప్రతి మొక్కకూ ఎర్ర రంగు పూయాలి. సరిగ్గా అప్పుడే దక్తూర్‌కు కాగితాల పని మీద అబూ ధాబీ పోవాల్సి వచ్చింది. రంగు పని నాకు అప్పజెప్పి, పోతూ పోతూ ఒక్కటే చెప్పాడు. "ప్రతి మొక్కకూ ముల్లు చూడు. ఆకు మొదట్లో జంటగా ఉంటే అది మన శత్రువు. కొమ్మ పొడుగునా విడివిడిగా ఉంటే ఆగి నాకు ఫోన్ చెయ్."

మొదటిరోజు చూశాను, అబద్ధమెందుకు. ప్రతి మొక్క దగ్గరా కూర్చున్నాను, రెమ్మ తుంచాను, ముల్లు చూశాను. అన్నీ కంపలే. రెండోరోజు మధ్యాహ్నానికి నడుం పట్టేసింది. అది రంజాన్ నెల, నేను రోజా ఉన్నాను, మంచినీళ్ళు కూడా ముట్టను. అప్పుడు నా బుర్రకు ఒక ఉపాయం తట్టింది. నర్సరీ నుంచి తెచ్చిన పొడుగాటి ప్లాస్టిక్ గొట్టం చివర కుంచె కట్టాను. మా పికప్ డ్రైవర్ కేరళ మనిషి. అతన్ని బండి నిదానంగా పోనిమ్మని, నేను వెనక నిలబడి, పక్కన రంగు డబ్బా పెట్టుకుని, పెళ్ళిలో పన్నీరు చల్లినట్టు అటూ ఇటూ పూసుకుంటూ పోయాను. ఆరు రోజుల పని మూడున్నర రోజుల్లో అయిపోయింది. పడమటి కొసన మోకాలెత్తు గుబురు పొదలు కొన్ని కనిపించాయి. ఒంటెలు కొరికి కొరికి గుండ్రంగా చేసిన ముళ్ళ పొదలు. వాటికీ పూశాను.

తప్పును రోజా మీదికి నెట్టేయడం తేలిక. కానీ నాకంటే ఇరవయ్యేళ్ళు పెద్దవాడైన దక్తూర్ కూడా రోజా ఉండే, ప్రతి మొక్క దగ్గరా కూర్చునేవాడు. నాది అలసట కాదు, పొగరు. పని అయిపోయిందని ఫోన్ చేస్తే ఆయన "మాషా అల్లాహ్" అని మెచ్చుకున్నాడు. గొట్టం సంగతి నేను చెప్పలేదు.

ముఠా వచ్చింది. ఆరుగురు మనుషులు, ఒక పొక్లెయిన్, దాన్ని నడిపే పెషావర్ ఖాన్ సాబ్. ఖాన్ సాబ్ పడమటి కొస నుంచి మొదలుపెట్టాడు. మనుషులు గడ్డపారలతో చిన్న మొక్కల మీద పడ్డారు. వాళ్ళలో ఒకాయన కరీంనగర్ వైపు మనిషి. యాభైకి దగ్గర్లో ఉంటాడు. దుబాయ్‌లోని అల్ వర్సాన్ లేబర్ క్యాంపులో ఉండేవాడు. తెలుగువాడినని తెలిసి పొద్దున్నే నన్ను "భాయ్" అని పలకరించాడు. పొద్దు నడినెత్తికి రాబోతుండగా చూస్తే ఆయన గడ్డపార కింద పెట్టి, చెప్పులు విడిచి, ఒక గుబురు పొద ముందు ఊరికే నిలబడి ఉన్నాడు.

"ఏమప్పా, చేతులు కట్టుకోని నిలబడితివి?" అన్నాను.

"భాయ్, ఇయ్యాల దసరా. పొద్దుగాల ఇంటికి ఫోన్ జేస్తే యాదికొచ్చింది" అన్నాడు.

"పండగైతే సాయంత్రం చేసుకుందువులే. ముందు పని కానీ."

"పని జెయ్యనంటలేను. గని దసరా నాడు జమ్మిని కొట్టుమంటవా?"

నాకు నవ్వొచ్చింది. "జమ్మేంది, ఈడ? అది కంప. నేను కంపలో పుట్టి కంపలో పెరిగినోణ్ణి. నాకు తెల్దా?"

ఆయన కోపం తెచ్చుకోలేదు. పొద దగ్గర కూర్చుని ఒక రెమ్మ తుంచి నాకు అందించాడు. "ముల్లు సూడు. సర్కారు తుమ్మకు ఆకు కాడ రెండు ముండ్లుంటయ్. దీనికి కొమ్మ పొడుగునా ఉన్నయ్. అది గాకపాయె, దీన్ని ఒంటె తిన్నది సూడు. సర్కారు తుమ్మ ఆకును ఏ జీవి తింటది చెప్పు, కాయ తప్ప?"

రెమ్మ చేతిలో ఉంది. ముళ్ళు విడివిడిగా, కొమ్మ పొడుగునా ఉన్నాయి. ఆకులు చిన్నవి, బూడిద కలిసిన పచ్చ. మా ఊళ్ళో దసరా నాడు నా ఈడు పిల్లలతో కలిసి నేనూ జమ్మి దగ్గరికి పరుగెత్తేవాణ్ణి. అందరం ఒకరికొకరు పెట్టుకున్న ఆకు ఇదే. ఇక్కడి గాఫ్ మా జమ్మేనని అప్పటిదాకా ఒక్కసారి కూడా నాకు తట్టలేదు. మా మేకలు ఆకలితో చచ్చినా కంప ఆకు ముట్టేవి కావు. ఆ సంగతి పుట్టినప్పటి నుంచీ తెలిసిన నేను, ఒంటెలు కొరికిన పొదల మీద కంప అని రంగు పూశాను. దక్తూర్ రెండేళ్ళుగా వెతుకుతున్న మనవలు ఇవే. ఒంటెలు ఎదగనివ్వక పొదలుగా నిలిచిపోయాయి.

తలెత్తి చూస్తే పొక్లెయిన్ ఆ కొసనే ఉంది.

పరుగెత్తాను. ఖాన్ సాబ్ వింటేగా! ఇంజన్ హోరు. దగ్గరికెళ్ళి ఆపమని చేతులూపితే జేబులోంచి కాగితం తీసి చూపించాడు. "మేనేజర్ సంతకం ఉంది. ఎర్ర రంగు ఉంటే తీసెయ్యమన్నారు. రంగు పూసింది నువ్వే కదా?" అన్నాడు. అవును, నేనే. పోయి బకెట్ ముందు నేల మీద కూర్చున్నాను. జీవితంలో మొదటిసారి ఒక మొక్క దగ్గర ఎవరూ చెప్పకుండానే కూర్చున్నాను. ఆయన నా ముఖం చూసి జాలిపడ్డాడో, మధ్యాహ్నపు జొహర్ నమాజు వేళ అయిందనుకున్నాడో, ఇంజన్ ఆపి దిగి జానమాజ్ పరుచుకున్నాడు.

అప్పటికే లేచిపోయిన మొక్కలు లెక్కపెట్టాను. పదకొండు. మిగిలినవి నలభై పైనే ఉన్నాయి.

డ్రైవర్ మెల్లగా పక్కకు వచ్చి హిందీలో అన్నాడు. "భాయీ, ఎవరికి తెలుస్తుంది? పదకొండు కంపలు పోయాయనుకుంటారు. మిగతావాటి మీద మట్టి రుద్దేద్దాం, రంగు కనపడదు. వీసా రెన్యువల్ ముందు ఎందుకు నీకీ గొడవ?"

తప్పుగా ఏమీ అనలేదు పాపం, నా మంచి కోరే చెప్పాడు. ఒక నిమిషం నేను ఆ మట్టి వైపు చూశాను కూడా. నన్ను ఆపింది నా నిజాయితీ అని చెప్పుకోవాలని ఉంది. కానీ ఆపింది ఆ సున్నాలు. నేను చెప్పకపోతే కాగితంలో చిన్న గాఫ్‌ల గడి సున్నాగానే ఉంటుంది. ఆ కాగితం చూసుకుని వచ్చే ఏడు ఇంకొక ముక్క, ఆపై ఏడు మరొక ముక్క, మోకాలెత్తు పొద ఏది కనిపించినా కంపే అనుకుని తీసేస్తారు. మట్టి రుద్ది నలభై దాచగలను. మైదానమంతా దాచలేను.

ఫోన్ చేశాను. "దక్తూర్, తప్పు చేశాను" అని మొదలుపెట్టి, గొట్టంతో సహా మొత్తం చెప్పేశాను. "ఎవరినీ కదలనివ్వకు. వస్తున్నా" అని పెట్టేశాడు.

సాయంత్రం అస్ర్ నమాజు వేళకు వచ్చాడు. బండి దిగి నేరుగా పొదల వైపు నడిచాడు. మొదటి పొద దగ్గర కూర్చున్నాడు. రెమ్మ తుంచి తిప్పి చూశాడు. రెండో పొద, మూడో పొద. నాలుగో దాని దగ్గర కూర్చున్నవాడు లేవలేదు. దగ్గరికెళ్ళి చూస్తే కళ్ళు తుడుచుకుంటున్నాడు. నా పని అయిపోయిందనుకున్నాను.

"రెండేళ్ళు వీటి పక్కనుంచే పోయాం. నువ్వొక్కడివే కాదు, నేనూ చూడలేదు. పెద్ద చెట్టుకు పిల్ల అంటే నిటారుగా నిలబడి ఉంటుందని వెతికాను" అన్నాడు. తర్వాత గుంటల వైపు నడిచాడు. పదకొండూ చూశాడు. వెనక్కి తిరిగినప్పుడు ఆ ముఖంలో మెత్తదనం లేదు. "ఆ గొట్టం ఎక్కడ?"

తెచ్చి ఇచ్చాను. మోకాలికి అడ్డం పెట్టి విరిచాడు. ప్లాస్టిక్ గొట్టం ఒక పట్టాన విరగలేదు, మూడుసార్లు పట్టింది. ఆ క్షణంలో కూడా డ్రైవర్‌కు నవ్వొచ్చి మొహం తిప్పుకున్నాడు. "రేపటి నుంచి మొత్తం మళ్ళీ. ప్రతి మొక్కా. కూర్చుని. నేనూ కూర్చుంటాను" అన్నాడు దక్తూర్. అంతే. నన్ను పనిలోంచి తీసేయలేదు. ఆ మాటకు నేను ఏడ్చేశాను. రోజాలో గొంతు ఎండిపోయి ఉన్నా కళ్ళకు నీళ్ళు ఎక్కడినుంచి వచ్చాయో.

ఈ తతంగమంతా కరీంనగర్ ఆయన ఒక పక్కన నిలబడి చూస్తున్నాడు. మాటలు ఆగాక, పెకలించిన మొక్కల్లో ఒకదాని నుంచి ఆకులు తెంపి దోసిట్లో పట్టుకొచ్చాడు. ముందు దక్తూర్ చేతిలో కొన్ని పెట్టి వంగి దండం పెట్టాడు. తర్వాత ఖాన్ సాబ్‌కు, డ్రైవర్‌కు, చివర నాకు. దక్తూర్ ఇదేమిటని నన్నడిగాడు. మా దేశంలో ఈ రోజు ఈ ఆకును బంగారమని ఒకరికొకరు ఇచ్చుకుంటామని, పగలున్నా మరిచి కౌగిలించుకుంటామని చెప్పాను. ఆయన ఆకుల వైపు చూసి, కరీంనగర్ ఆయన్ని దగ్గరికి తీసుకున్నాడు. వెనక నేను. దాన్ని తెలంగాణవాళ్ళు అలాయ్ బలాయ్ అంటారు. ఖాన్ సాబ్‌కు ఆ మాట ఎవరూ వివరించాల్సిన పనిలేకపోయింది.

మొక్కల నమూనాలు ఆరబెట్టి అట్టకు అంటించి, కింద సేకరించినవారి పేరు రాయడం మా పనిలో పద్ధతి. నా పేరు ఒక అట్ట మీదైనా చూసుకోవాలని రెండేళ్ళుగా ఆశ. చిన్న గాఫ్‌ల మొదటి అట్ట మీద దక్తూర్ రాసిన పేరు కరీంనగర్ ఆయనది. స్పెల్లింగ్ నన్నే అడిగి మరీ రాశాడు. నేనే అక్షరాలు చెప్పాను. న్యాయమే కదా.

మళ్ళీ సర్వేకు ఆ చలికాలమంతా పట్టింది. ప్యాంట్లు మోకాళ్ళ దగ్గర చిరిగాయి. పెకలించిన పదకొండింటినీ కరీంనగర్ ఆయన ఆరోజే తిరిగి నాటాడు. బతకవని దక్తూర్ ముందే చెప్పాడు, బతకలేదు. అయితే జనవరిలో రెండు వానలు పడ్డాక నేను ఆ గుంటల దగ్గరికి పోయి కూర్చుంటే, లోపల తెగి మిగిలిన వేళ్ళ నుంచి చిటికెన వేలంత చిగుళ్ళు లేచి కనిపించాయి. పదకొండు గుంటల్లో ఏడింట. నేను ఒక్కొక్క రెమ్మా తడిమి, ముల్లు చూసి, కాగితం తీసి చిన్న గాఫ్‌ల గడిలో ఏడు వేశాను. మిగిలిన పొదల చుట్టూ అప్పటికే కంచె వచ్చింది. ఒంటెల నోరు అందకపోతే గాఫ్ ఎంత తొందరగా పైకి లేస్తుందో ఆ ఏడాది చూశాను.

మరుసటి దసరా కూడా రంజాన్‌లోనే వచ్చింది. కరీంనగర్ ఆయన సెలవు పెట్టుకుని, అల్ వర్సాన్ నుంచి రెండు బస్సులు మారి అజ్మాన్ వచ్చాడు. మా పికప్‌లో మైదానానికి తీసుకుపోయాను. కంచె లోపలి పొదలు నడుమెత్తు దాటాయి. ఆయన వాటిని చూసి, ఆ గుంటల దగ్గరికి పోదామన్నాడు. అక్కడ చెప్పులు విడిచి కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. చిగుళ్ళు జానెడు మొక్కలయ్యాయి. పండగ కదా, ఇంత దూరం వచ్చాడు కదా అని ఒక రెమ్మ తెంపబోయాను.

ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"వద్దు భాయ్. పసిది. దీని బంగారం దీనికే ఉండనీ."

ఆ ఏడు మేము వట్టి చేతులతోనే అలాయ్ బలాయ్ తీసుకున్నాం.